ఎన్ని సౌండ్లు పెట్టాలని అడిగావు కదా

అనంతపురం

చిరంజీవి పాపకు నాయన ఆశీస్సులు.

నువ్వు కంప్యూటర్లో చేసి పంపిన పాట ప్రాజెక్టు తెరిచి విన్నాను. ముందు హెడ్‌ఫోన్లో, తర్వాత మన రికార్డింగ్ గదిలో స్పీకర్ల మీద, చివరికి మీ అమ్మ ఫోన్లో కూడా. "సౌండ్లు ఎక్కువయ్యాయా నాయనా? అసలు ఒక పాటకు ఎన్ని ఉండాలి?" అని అడిగావు. ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఎక్కువయ్యాయి. అయితే తెర మీద అరవై నాలుగు ట్రాకులు, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన సౌండు వరుసలు, కనిపిస్తున్నాయని ఈ మాట అనడం లేదు. అరవై నాలుగు ఉండొచ్చు, నూరు కూడా ఉండొచ్చు. లెక్క పెట్టాల్సింది తెర మీద కాదు, చెవితో. ఒక్కో చోట వినేవాళ్లకు ఎన్ని వేరువేరుగా వినబడుతున్నాయి? అదే నీ అసలు లెక్క.

మన ఊరి చెక్కభజన చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. ఇరవై మంది వరుసగా నిలబడి చెక్కలు కొడతారు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఒకే అడుగు వేస్తారు. మనుషులు ఇరవై మంది, చెవికి చేరేది మాత్రం నాలుగు: చెక్కలు, గజ్జెలు, ముందు పాడే గురువు గొంతు, వెనక అందుకునే వాళ్ల గొంతు. ఇరవై జతల చెక్కలు కలిసి ఒక పెద్ద చెక్క అయిపోతాయి. నీ క్లాప్, అదే చప్పట్ల సౌండు, కూడా అంతే. మూడు క్లాపులు ఒకదాని మీద ఒకటి పేర్చావు, మూడూ కలిసి ఒక్కటై బరువుగా పడుతున్నాయి. దాన్ని ముట్టుకోవద్దు, చాలా బాగా కుదిరింది. కానీ ఆ మూడు ప్యాడ్లు, అంటే వెనక మెత్తగా సాగుతూ ఉండే సింథ్ సౌండ్లు, అలా లేవు. ఒకటి నిదానంగా పైకి లేస్తుంది, ఇంకొకటి వణుకుతుంది, మూడోది అటూ ఇటూ చెవులు మారుతుంది. ఎవరి దారి వాళ్లది. అవి మూడు ట్రాకులే కాదు, మూడు సౌండ్లు కూడా. ఆ పక్కనే పాట నడిపించే లీడ్ ఉంది, దాని కింద బేస్ ఉంది.

దీని మీద ఒక పరిశోధన ఉంది. డేవిడ్ హ్యూరాన్ అనే ఆయన 1989లో ప్రచురించాడు. ఒకే రకం నాదంతో ఒకేసారి నడిచే స్వరధారలు ఎన్ని ఉన్నాయో విని చెప్పమంటే, సంగీతం బాగా తెలిసినవాళ్లు కూడా మూడు దాకా సరిగ్గానే చెప్పారు. నాలుగోది వచ్చేసరికి తప్పులు పెరిగాయి, అదీ ఎక్కువగా ఉన్నవాటి కన్నా తక్కువ చెప్పడమే. అంటే నాలుగోది వినేవాళ్ల లెక్కలోకే రావడం లేదన్నమాట. నాదం వేరువేరుగా ఉంటే ఇంకొంచెం తట్టుకుంటాం, నిజమే. కానీ నీ ప్యాడ్లు మూడూ ఒకే సింథ్‌లో ఒకే రకం తరంగంతో చేసినవి. అందుకే అక్కడంతా ముద్దగా ఉంది.

ఇక నన్ను బాగా బాధపెట్టిన చోటు చెప్తాను. ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర మన ఊరి చెక్కల రికార్డింగు పెట్టావు. ఉగాదికి వచ్చినప్పుడు ఫోన్ పట్టుకుని గుడి ముందు నిలబడి రికార్డు చేసుకున్నావే, అదే. మొదటిసారి వింటే అది ఉందని కూడా నాకు తెలియలేదు. సోలో చేసి, అంటే అది ఒక్కటే ఉంచి, వింటే ప్రాణం లేచొచ్చింది. చెక్కల బిళ్లల మోత, దాని వెనక గజ్జెలు, ఒకచోట గురువు అడుగు మార్చమని వేసిన కేక! మళ్లీ అన్నీ ఆన్ చేస్తే మాయం. ఒక్కొక్కటిగా మ్యూట్ చేసుకుంటూ పోయాను. డ్రమ్ముల్లో చిన్న తాళాల్లా మోగే హై-హ్యాట్లు రెండు, గలగలమనే షేకర్ ఒకటి, హుస్సుమంటూ పైకి లేచే వైట్ నాయిస్ ఒకటి, ఈ నాలుగూ చెక్కలు ఉండే చోటే ఉన్నాయి. లోహపు బిళ్లల మోత ఎక్కువగా నాలుగైదు వేల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) పైన ఉంటుంది, హై-హ్యాట్ కూడా అక్కడే. ఒకే చోట గట్టి సౌండు ఉంటే దాని పక్కనున్న మెల్లని సౌండును చెవి పట్టుకోలేదు. మాస్కింగ్ అంటారని నీకు తెలుసు. తెలిసీ ఈక్వలైజర్‌తో చెక్కలను ఇంకా పైకి లేపావు, దాంతో గొంతు గీరుకున్నట్టు అయింది. లేపడం కాదమ్మా, ఆ నాలుగూ తీసెయ్. అక్కడ పదహారు మాత్రలు కొట్టే పని చెక్కలే చేస్తున్నాయి, హ్యాట్‌కు వేరే పని లేదు. ఎవరి దగ్గరైనా దొరికే సౌండు కోసం, నీ దగ్గర మాత్రమే ఉన్న సౌండును ఎందుకు పోగొట్టుకోవాలి?

బేస్ సంగతి తొందరగా చెప్పేస్తా. నీ సబ్ బేస్, అంటే అన్నిటికన్నా కింద మోగే బేస్, 'A' అనే స్వరం మీద, అంటే 55 హెర్ట్జ్ దగ్గర నిలబడింది. కిక్ (బరువైన డ్రమ్ము దెబ్బ) తోక కూడా సుమారుగా అక్కడే ఉంది. రెండు తరంగాలు ఎదురు తిరిగినప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకే కొన్ని దెబ్బలు గట్టిగా, కొన్ని బోలుగా వస్తున్నాయి. కిక్‌ను పొట్టిగా కత్తిరించు, లేదా కిక్ పడినప్పుడు బేస్ తగ్గేట్టు పెట్టు. రెండు కిక్‌లు మాత్రం వద్దు, ఒకటి తీసెయ్.

కొత్త సౌండు పెట్టినప్పుడల్లా దానికి ఖర్చు ఉంటుంది, అది మనసులో ఉంచుకో. ఒకే గట్టితనం ఉన్న రెండు వేరువేరు సౌండ్లు కలిస్తే మొత్తం మూడు డెసిబెల్స్ పెరుగుతుంది. పది కలిస్తే పది డెసిబెల్స్. కంప్యూటర్లో గట్టితనానికి సున్నాయే పై హద్దు, అది దాటి పోవడానికి దారి లేదు, దాటితే పగులుతుంది. కాబట్టి కొత్తది వచ్చిందంటే పాతవన్నీ కొంచెం కొంచెం కిందికి దిగాల్సిందే. నువ్వేమో దించకుండా చివర హద్దు దాటే మోతను నొక్కేసే లిమిటర్ పెట్టి అణిచావు. అందుకే నీ కిక్ ఒంటరిగా ఉన్నప్పుడు ఛాతీకి తగులుతుంది, అందరితో కలిస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

ఇంకో మాట. సౌండు కొత్తగా అనిపించాలంటే కొత్త సౌండే పెట్టాలని లేదు. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ గారు, హిందీ సినిమాల ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి, మూడు రోలాండ్ కంపెనీ సంగీత యంత్రాలు పెట్టుకుని పది రాగాలు రికార్డు చేశారు. తాళానికి టీఆర్-808, బేస్‌కు టీబీ-303, రాగానికి జూపిటర్-8. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది, తర్వాత కొన్నేళ్లకు షికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం ఇందులో ముందే వినిపిస్తోందని. ఆ టీబీ-303 సంగతి చూడు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కానీ అది నడుస్తుండగానే ఫిల్టర్ నాబ్ తిప్పితే మూసుకున్న గొంతు మెల్లగా తెరుచుకుంటుంది, రెజొనెన్స్ పెంచితే కీచుమంటుంది, యాక్సెంట్ పెట్టిన స్వరం ఎగిరి పడుతుంది. ఒకే వరుస నిమిషాల తరబడి తిరుగుతున్నా విసుగు రాదు, ఎందుకంటే ఆ సౌండే మారుతూ ఉంటుంది. నీ పాటలో ప్రతి ఎనిమిది బార్లకూ, అంటే ఎనిమిది తాళం చుట్లకూ, ఒక కొత్త సింథ్ వస్తోంది. వచ్చిన ప్రతిదీ వచ్చినట్టే ఉండి పోతోంది, ఒక్కదానికీ పెరిగే అవకాశం లేదు. ఆ రెండో లీడ్ చాలా అందమైన సౌండు. దాన్ని మొదటి నుంచీ ఫిల్టర్ మూసి చిన్నగా నడిపించి, చెక్కల తర్వాత తెరిచి చూడు.

తక్కువ సౌండ్లు పెట్టడమే గొప్ప అని నేను అనడం లేదు. నీ స్నేహితుడెవరో ఏడుకు మించకూడదని చెప్పాడన్నావు, ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే అర్థం కాలేదు. నిండుగా ఉండాల్సిన చోట నిండుగానే ఉండాలి. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండగలో నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ అలాయి ఆట తొక్కేటప్పుడు తప్పెట మోత, జనం కేకలు తప్ప వేరే ఏముంటుంది? అయినా అక్కడ ఎవరికీ తక్కువైందని అనిపించదు. అలాంటి జనం సందడినే నీ పాట చివర్లో కోరుకుంటున్నావని నాకు అర్థమైంది, ఆ కోరిక మంచిదే. కానీ చివర్లో నిండుగా అనిపించాలంటే దానికి ముందు ఖాళీ కావాలి. కిక్ నాలుగు బార్లు తీసేసి మళ్లీ వేస్తే, గట్టితనం మార్చే ఫేడర్ కదపకుండానే అది పెద్దదిగా వినబడుతుంది. నీ అరవై నాలుగు ట్రాకుల్లో చాలావాటిని ఇలా వంతుల వారీగా వాడుకోవచ్చు, అన్నీ పారేయాల్సిన పని లేదు. ఒకేసారి నాలుగు, గట్టిగా అయితే ఐదు. ఇది నా అంచనా, నీ చెవి ఆరు అంటే ఆరు.

తర్వాతి పాట మొదలుపెట్టేటప్పుడు ల్యాప్‌టాప్ తెరవకముందే నోటితో పాడుకో. తాళం, కింది స్వరం, పైన పాట. నోటితో వచ్చిన వాటికి మాత్రమే ముందు సౌండ్లు వెతుకు. తర్వాత సౌండ్ల లైబ్రరీ మూసెయ్. ముందే తయారుగా ఉన్న వేల ప్రీసెట్లు ఒక్కొక్కటే వింటూ పోతే రాత్రి గడిచిపోతుంది, చెవి అలిసిపోతుంది, మనసులో ఉన్న పాట కూడా చెదిరిపోతుంది. ఇంకేదైనా కావాలనిపిస్తే ముందు ఉన్నవాటిలో ఒకదాన్ని ఆ పనికి పెట్టి చూడు. అది చేయలేకపోతే అప్పుడు కొత్తది తెచ్చుకో. ఎలా తెలుస్తుందంటే, పెట్టిన తర్వాత అరగంట ఆగి దాన్ని మ్యూట్ చేసి విను. ఏమీ పోయినట్టు అనిపించకపోతే దాని అవసరం లేనట్టే.

మీ అమ్మ ఫోన్లో విన్నప్పుడు బేస్ మొత్తం పోయింది. ఆ చిన్న స్పీకర్‌లో 55 హెర్ట్జ్ ఎలాగూ రాదు. మిగిలింది హ్యాట్లు, నాయిస్, లీడ్. మీ అమ్మ "చెక్కలు పెట్టానని చెప్పింది కదా, ఏవీ?" అని అడిగింది. మన వాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే వింటారు, కాబట్టి బేస్‌కు పైన కొంచెం గరుకు చేర్చు, ఫోన్లో కూడా దాని నడక తెలిసేలా.

ఇప్పుడు చేయాల్సింది: ఫైలును వేరే పేరుతో సేవ్ చేసుకో, పాతది చెరపొద్దు. రెండు ప్యాడ్లు, రెండో కిక్, చెక్కల దగ్గర హ్యాట్లు, షేకర్, నాయిస్ మ్యూట్ చెయ్. లిమిటర్ తీసేసి, మాస్టర్ (మొత్తం కలిసిన సౌండు) సున్నాకు ఆరు డెసిబెల్స్ కింద ఉండేలా చూసి, ఇరవై నాలుగు బిట్ వేవ్ ఫైలు పంపు. చెక్కల అసలు రికార్డింగు కూడా పంపు, గాలి శబ్దం కొంత ఉంది, నేను ఇక్కడ శుభ్రం చేసి ఇస్తాను. ఆదివారం పొద్దున స్టూడియో ఖాళీగానే ఉంటుంది, ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి విందాం.

మీ నాయన