కారు మీద లేసు కప్పితే నవ్వులాటా?

సంపాదకులు గారికి,

అయ్యా,

పోయిన వారం మీ పేపరు లోపలి పేజీలో, రెండు తలల దూడ ఫొటో పక్కన ఓ చిన్న వార్త వేశారు. ‘కారుపై లేసు గుడ్డ కప్పింది... 27 లక్షలు కొట్టేసింది’ అని హెడ్డింగు. చదివి ఊరుకున్నాను. నిన్న కటింగ్ షాపులో ఎవరో అదే ముక్క పైకి చదివి, ‘మా ఆవిడ ఫ్రిజ్ మీద కప్పింది, దానికెంతిస్తారో’ అన్నాడు. అందరూ నవ్వారు. ఇక రాయక తప్పలేదు.

ఆవిడ పేరు జస్లీన్ కౌర్. మీరు పేరు కూడా వేయలేదు, ‘భారత సంతతి మహిళ’తో సరిపెట్టారు. 1986లో స్కాట్లాండులోని గ్లాస్గోలో ఓ సిక్కు కుటుంబంలో పుట్టింది. 2024 డిసెంబరు 3న లండన్‌లో ఆమెకిచ్చింది టర్నర్ ప్రైజు. 1984 నుంచీ ఇస్తున్నారు, బ్రిటన్‌లో కళాకారులకు అంత పేరున్నది మరొకటి లేదనే చెప్పాలి. 25 వేల పౌండ్లు. లాటరీ కాదండీ, ‘కొట్టేయడానికి’.

ఆ కారు ఎర్ర ఫోర్డ్ ఎస్కార్ట్. వాళ్ల నాన్న మొదటి కారుకు గుర్తుగా పెట్టింది. పరాయి దేశం వెళ్లినవాడికి మొదటి కారంటే ఏమిటో, ఇంట్లో నాన్న బజాజ్ చేతక్‌ను ఇప్పటికీ అమ్మలేక అట్టిపెట్టుకున్నవాళ్లకి నేను చెప్పాలా? గ్లాస్గోలో ఆమె పెట్టిన ప్రదర్శన మొత్తాన్నీ చూసి ఈ ప్రైజుకి ఎంపిక చేశారు, కారు అందులో ఒకటి. తనంత తాను మోగే హార్మోనియం, పూజ గంటలు, ఇంటి ఫొటోలు, స్కాట్లాండు వాళ్లు తెగ తాగే ఐర్న్ బ్రూ కూల్‌డ్రింకు కూడా ఉన్నాయి. సిక్కు ఇంటి పిల్ల సూఫీ భక్తి సంగీతాన్నీ తెచ్చి అక్కడ పెట్టింది. నేనెవరిని, నాలో ఎన్ని కలిశాయి అని తనను తాను ప్రశ్నించుకోవడమే ఆ ప్రదర్శన. ఇందులో మీకు గుడ్డ ఒక్కటే కనిపించింది.

ఆ గుడ్డ సంగతికే వస్తాను. దాన్ని డాయిలీ అంటారు. మా నరసాపురంలో చిన్నపిల్లకి కూడా తెలుసు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు మా గోదావరి ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. ఆ కారు మీద ఉన్నది ఇక్కడ అల్లిందని నేననడం లేదు. కానీ అక్కడివాళ్లు ఇక్కడికొచ్చి నేర్పిన పని, ఇక్కడి సంతతి పిల్ల అక్కడ కారు మీద కప్పి చూపిస్తోంది. మీ విలేకరికి ఇది వార్త అనిపించలేదు. మా అమ్మ కిరసనాయిలు దీపం కింద అల్లేది. కూలి కండె లెక్కన. ఎన్ని రాత్రులు పట్టిందో ఎవడూ అడిగేవాడు కాదు. ఈ ఆడవాళ్లు పని చేస్తున్నా లెక్కల్లో గృహిణులుగానే మిగిలిపోతున్నారని జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లోనే పుస్తకం వేసింది. అదీ బయటివాళ్లే రాయాల్సి వచ్చింది. 2024లో మా లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, సంతోషం. పెద్దలు ఫొటోలు దిగారు. మా వీధిలో అల్లేవాళ్ల కూలి మాత్రం పైసా పెరగలేదు.

అమెరికా ఎన్నికలప్పుడు ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషా వాన్స్ మూలాలున్నాయని మా జిల్లాలోని వడ్లూరు గురించి మీరు ఎన్ని కాలమ్‌లు వేశారో నా దగ్గర కటింగులున్నాయి. వేయండి, కాదనను. 1991లో ఇదే ప్రైజు తెచ్చుకున్న శిల్పి అనీష్ కపూర్ బొంబాయిలో పుట్టాడు, తండ్రి పంజాబీ, తల్లి యూదు. ఆయన పేరొస్తే ‘మనవాడే’ అంటాం. పదవో పేరో వస్తే మూలాలు తవ్వుతారు, నాన్న కారు గురించి చెబితే దూడ పక్కన పడేస్తారు.

జనాన్ని అని ఏం లాభం లెండి. నేను ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. నేను రిటైరయ్యాక మా బళ్లో ఆ పోస్టులోకి ఇంతవరకూ ఎవరూ రాలేదు. డ్రాయింగ్ పీరియడ్లో లెక్కలు చెబుతున్నారట. అడిగితే ర్యాంకులు కావాలి కదా మాస్టారూ అంటారు. బొమ్మ ఎలా చూడాలో ఎవరూ నేర్పకపోతే, కటింగ్ షాపులో నవ్వక ఏం చేస్తారు?

వచ్చే ఆదివారమైనా ఆ కారు ఫొటో రంగుల్లో, కాస్త పెద్దదిగా వేయండి. మా వీధి ఆడవాళ్లకు చూపిస్తాను. ఆ అల్లిక ఏ రకమో, ఎన్ని కండెలు పట్టి ఉంటుందో వాళ్లు చూసి చెప్పేస్తారు.

నా పేరు వేయకండి. పోయినసారి తప్పు వేశారు, పైగా ఊరు నరసరావుపేట అని వేశారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
నరసాపురం (పశ్చిమ గోదావరి జిల్లా)