వంకాయ కోస్తే మణికట్టు తెగదు

విజయవాడ,
ఆదివారం ఉదయం

చిరంజీవి సౌభాగ్యవతి పద్మకు,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాయనమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి, కొత్త నూనె ఏదో రాస్తున్నాం. వానలకు పెరట్లో కరివేపాకు చెట్టు బాగా చిగురించింది. సీత పిన్ని వాళ్ల మేడ పని ఇంకా తెమలలేదు. నీ ఫోను వచ్చి పదమూడు రోజులైంది. మేము చేస్తే మోగి మోగి ఆగిపోతుంది, తరువాత ‘మీటింగ్‌లో ఉన్నాను నాన్నా’ అని ఒక ముక్క వస్తుంది. రాత్రి పదిన్నరకు కూడా మీటింగేనా తల్లీ?

ఈ ఉత్తరానికి పెద్ద కారణమేమీ లేదు. ఊరికే రాయాలనిపించింది. మొన్న హైదరాబాదులో గృహప్రవేశానికి వెళ్లిన రాము బావ, తిరుగు ప్రయాణంలో మన ఇంట్లో భోజనం చేసి వెళ్లాడు. మాటల మధ్యలో, ‘పద్మ చేతికి కట్టు ఉంది మామయ్యా, వంకాయలు కోస్తుంటే తెగిందట’ అన్నాడు. మీ అమ్మ కంగారు పడింది. నేను ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చాక, కట్టు ఎక్కడ ఉందో చూపించమన్నాను. ఎడమ చేతి మీద, మణికట్టు దాటి మోచేతి వైపు నాలుగు వేళ్ల దూరంలో చూపించాడు.

వంకాయలు కోస్తే వేలు తెగుతుంది. బొటనవేలో చూపుడువేలో. మణికట్టుకు పైన ఎలా తెగుతుందని రెండు రోజులు ఆలోచించాను. వంటింట్లో కత్తి పట్టుకుని నిలబడి కూడా చూశాను. కుదరలేదు.

సరే, అది అలా ఉంచు. నువ్వు పెట్టిన మొక్కల స్టాండు ఫోటో చూశాను. చాలా బాగుంది. అంగుళం స్క్వేరు పైపు అనుకుంటాను. వెల్డింగు బయట పెట్టించినా కోతలన్నీ నువ్వే కోశావని అల్లుడుగారు రాశారు. మూలల దగ్గర 45 డిగ్రీల కోత సందు లేకుండా కలిసింది. నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్న వాళ్లకు కూడా అంత శుభ్రంగా కుదిరేది కాదు. ‘గ్రైండర్ కొన్నాం’ అని అల్లుడుగారు రాస్తే మీ అమ్మ ఇడ్లీపిండి గ్రైండర్ అనుకుని, ఇన్నాళ్లకు ఇంట్లో పప్పు నానబోస్తారని మురిసిపోయింది. నేను మాత్రం ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. స్టాండు వెనుక, చాప మీద పెట్టి ఉంది మిషను. ఏజీ-4, ఇనుము కోసే నాలుగంగుళాల చేతి గ్రైండర్. చక్రాన్ని కప్పే గార్డు లేదు. పక్క పిడి లేదు. దానికి బిగించి ఉన్నది పళ్ల బ్లేడు, చెక్క కోసేది.

ఆ బ్లేడు ఎవరు అంటగట్టారమ్మా నీకు? కొట్లో దొరుకుతుంది, చిల్లుకు సరిపోతుంది, బిగుసుకుంటుంది కూడా. అయినా అది ఆ మిషనుకు పెట్టవలసింది కాదు. ఇనుము కోసే చక్రం మెల్లగా అరగదీసుకుంటూ పోతుంది. పళ్ల బ్లేడు కొరుకుతుంది. చెక్కలో ముడి తగిలినా, కోసిన సందు మూసుకుపోయి బ్లేడును పట్టేసినా, మోటారు బలమంతా వెనక్కి తిరిగి చేతి మీదికి వస్తుంది. చెక్క కోసే సర్క్యులర్ రంపం నిమిషానికి అయిదారు వేల చుట్లు తిరుగుతుంది. దానికి చెక్క మీద ఆనే పలక ఉంటుంది, తనంతట తాను మూసుకునే గార్డు ఉంటుంది. నీ ఏజీ-4 తిరిగేది దాదాపు 11,000 చుట్లు. లెక్క వేసి చూడు. నాలుగంగుళాల చక్రం చుట్టుకొలత 31 సెంటీమీటర్లు. అంచు వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. పక్క పిడి లేదంటే మిషను కుడిచేతిలో ఒంటిగా ఉంటుంది, ఎడమచేత్తో చెక్కను అదిమి పడతారు. అప్పుడు ఎగిరితే చెక్క వెంబడే వచ్చి ఎక్కడ తగులుతుందో నేను చెప్పనక్కరలేదు. మణికట్టుకు పైన.

నీకు ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. అయినా ఇవి చెప్పకుండా ఉండలేను. చక్రాల సంగతి చూసుకో. సన్నగా మిల్లీమీటరు మందం ఉండేది కోతకే. దాని పక్కభాగంతో అరగదీయకూడదు, పగులుతుంది. అరగదీయడానికి ఆరు మిల్లీమీటర్ల మందంది వేరే ఉంటుంది. నున్నన చేయడానికి గరుకు కాగితం రెక్కలుండే ఫ్లాప్ డిస్క్ తెచ్చుకో, ముందు 60 నంబరు, తరువాత 120. చక్రం మధ్యలో ఇనుప రింగు ఉంటుంది చూడు, దాని మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది గడువు తేదీ, తయారైన మూడేళ్లకు ముగుస్తుంది. లోపల అతికే బంక తేమకు మెత్తబడుతుంది. పాత స్టాకు తక్కువ ధరకు ఇస్తామంటే తీసుకోకు. కింద పడిన చక్రం పైకి బాగానే కనిపించినా పారేయి. కొత్తది బిగించాక నీ ముఖం ఎదురుగా పెట్టకుండా పక్కకు తిప్పి, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వు. పెద్ద చక్రం పెడితే లోతుగా తెగుతుందని గార్డు పీకేసి ఏజీ-4కు ఏడంగుళాలది ఎక్కించేవాళ్లను చూశాను. ఆ చక్రం మీదే 8,500 అని రాసి ఉంటుంది, అంతకు మించి తిప్పితే ముక్కలై ఎగిరిపోతుంది.

జడ చుట్టి ముడి వేసుకో. మీ అమ్మ కుంకుడుకాయలు కొట్టి పెంచిన జడ అది. చున్నీ వేసుకుని మిషను దగ్గరికి వెళ్లకు. గాజులు తీసెయ్యి. రవ్వలు బాల్కనీ గాజు తలుపు మీద పడనివ్వకు, నల్లచుక్కలుగా అతుక్కుపోయి గోకినా రావు. గ్యాసు సిలిండరు వైపు అసలే వద్దు. కొత్త పొయ్యి కోసం గ్రానైటు గట్టుకు చిల్లు పెడతానని అల్లుడుగారు అంటున్నారట. ఇంట్లో పొడి కోత కోయనివ్వకు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. మార్బుల్ కట్టరుతో, నీళ్లు పోస్తూ కోసే మనిషిని పిలిపించండి. ఆ డబ్బు నేను పంపిస్తాను.

సోడా బాబాయి గుర్తున్నాడు కదా? ప్రతి సంక్రాంతికి చెరకు గడలు తెచ్చేవాడు. కుడికాలు ఎందుకు ఈడుస్తావని నువ్వు అడిగితే, కృష్ణలో మొసలి కొరికిందని చెప్పేవాడు. నువ్వు చాలా ఏళ్లు నమ్మావు, నేనూ నమ్మనిచ్చాను. అది మొసలి కాదు.

1996 మే నెల. నువ్వు పుట్టలేదు, అన్నయ్యకు ఏడాది నిండింది. ఆటోనగర్‌లో లారీ బాడీల పని ముమ్మరంగా ఉంది. మా షెడ్డు మీద రేకులు, మధ్యాహ్నం రెండింటికి కింద నిలబడితే మాడు పేలిపోయేది. సోడా బాబాయికి అప్పుడు పందొమ్మిదేళ్లు, నా దగ్గర హెల్పరు. హవాయి చెప్పులతోనే పని. నేనూ అంతే, బూట్లు ఎవరికున్నాయి? ఒక లారీ వెనుక తలుపు పట్టీ మీద వెల్డింగు నున్నన చేస్తున్నాను. చేతిలో ఏజీ-7, ఏడంగుళాల గ్రైండర్, అయిదు కిలోల దాకా బరువు. వేలు నొప్పి పుట్టకుండా స్విచ్ నొక్కి లాక్ వేసే బొత్తాం ఉంటుంది దానికి. లాక్ వేసి పని చేస్తుండగా కరెంటు పోయింది. చక్రం ఈల వేసినట్లు సన్నగా చప్పుడు చేస్తూ ఆగింది. నేను లాక్ తీయలేదు. ప్లగ్గూ పీకలేదు. మిషను బల్ల మీద పెట్టి, అందరితో పాటు టీకి వెళ్లాను.

సోడా బాబాయి రాలేదు. బల్ల పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. టీ కొట్టులో ఫ్యాను కదిలేసరికి అందరం ‘హమ్మయ్య’ అనుకున్నాం. ఆ వెంటనే షెడ్డులోంచి ఇనుము నేలను గీరుతున్న చప్పుడు. వెళ్లేసరికి మిషను బల్ల మీంచి దూకి, పలుపుతాడుకు కట్టేసిన గేదెలా తీగ చివర గుండ్రంగా తిరుగుతోంది. గార్డు లేదు. ఇరుకు మూలల్లో అడ్డం వస్తోందని ఆ ఉదయమే నేను తీసేశాను. ప్లగ్గు అవతలి గోడకు ఉంది. అది పీకాలని మిషను మీదుగా దాటబోయాడు తను. కుడికాలి చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి.

రిక్షాలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాను. నా పంచె అంతా తడిసింది. మరునాడు షెడ్డు యజమాని ‘మిషనుతో ఆటలాడాడు, అనుభవించాడు’ అన్నాడు. నేను నోరు విప్పలేదు. పదకొండు రోజులు. అన్నం సహించేది కాదు, అన్నయ్యను ఎత్తుకోవడానికి కూడా చేతులు వచ్చేవి కావు. పన్నెండో రోజు మీ అమ్మకు చెప్పాను. ‘వెళ్లి ఆ తల్లికి చెప్పి రండి’ అంది. గుడివాడ బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. తను అరుగు మీద కాలు చాపుకుని ఉన్నాడు. నేను మొదలుపెట్టకముందే, ‘నాకు తెలుసు అన్నా, లాక్ నువ్వు తీయలేదని. ఎప్పుడు వస్తావా అని చూస్తున్నాను’ అన్నాడు. తెలిసి కూడా యజమానికి చెప్పలేదు. తరువాత సోడా బండికి నేను కొంత సాయం చేశాను, అది లెక్కలోది కాదు.

ఈ సంగతి ఇన్నేళ్లలో మీ అమ్మకు, సోడా బాబాయి వాళ్ల అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను. నాకూ తెలుసు తల్లీ. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను.

నువ్వు పదో తరగతి సెలవుల్లో షెడ్డుకు వచ్చి, ‘ఒక్కసారి మిషను పట్టుకుంటాను నాన్నా’ అన్నావు. ఆడపిల్లకు ఇదేం పని అని అందరి ముందూ కసిరాను. నువ్వు గేటు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చుని సాయంత్రం దాకా రవ్వలు చూశావు. అన్నయ్యకు నేర్పాను, వాడికి మనసు లేదు. మనసున్న నీకు నేర్పలేదు. ఇప్పుడు కొనేముందు నన్ను ఎందుకు అడగలేదో, దెబ్బ తగిలితే వంకాయలు అని ఎందుకు చెప్పావో నాకు అర్థమవుతోంది. నేను మళ్లీ కసురుతానని భయపడి ఉంటావు. కసరను. మిషను మానేయమని కూడా అనను. ఆ మూలల కోత చూశాక ఎలా అంటాను?

ఈ మిషను మాత్రం మార్చు. ముందుకు జరిపితే లాక్ పడి అలాగే ఉండిపోయే స్విచ్ నీకు వద్దు. నొక్కి పట్టుకున్నంతసేపే తిరిగి, చెయ్యి వదిలితే ఆగిపోయేది అడుగు. కరెంటు పోయి వచ్చినా దానంతట అది మొదలుకాని రకం కావాలని గట్టిగా చెప్పు. నాలుగంగుళాలు చాలు, 700, 800 వాట్లు ఉంటే ఇంటి పనులకు ధారాళం. నీ చిన్న పనులకు 18 వోల్టుల బ్యాటరీది కూడా సరిపోతుంది, తీగ కాళ్లకు చుట్టుకోదు. పిడి మందంగా ఉన్నది కొనకు, నీది చిన్న చెయ్యి, పిడికిలి మూసుకోవాలి. కొట్లోనే పట్టుకుని చూడు. కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచరు లాంటి మోటారు విడిభాగాలు మీ ఊళ్లో దొరికే కంపెనీదే తీసుకో. చెక్క కోయడానికి జిగ్‌సా వేరే కొనుక్కో. ఇంకో మాట, ఒక వైసు కొను. ముక్కను పట్టుకోవలసింది వైసు, నీ ఎడమచెయ్యి కాదు.

ఆర్టీసీ కార్గోలో పెట్టె పంపుతున్నాను. అందులో కళ్లద్దాలు రెండు జతలు, ముఖమంతా కప్పే అద్దం, చెవులకు పెట్టుకునేవి, రెండు సి-క్లాంపులు ఉన్నాయి. కళ్లద్దాలు, వాటి మీద ముఖం అద్దం, రెండూ పెట్టుకోవాలి. కింద కాగితం చుట్టినది నా పాత స్పానరు, పిడి అరిగి ఉంటుంది. ఆవకాయ జాడీ గుడ్డ కట్టి పెట్టింది మీ అమ్మ, తిరగేయకు. వచ్చే శనివారం రాత్రి బస్సుకు నేను బయలుదేరుతున్నాను. టికెట్టు తీసుకున్నాను, వద్దనకు. రెండు రోజులుంటాను. స్టాండు పక్కన ఇంకొకటి చేద్దాం. కోతలు నువ్వు కొయ్యి, నేను పక్కన నిలబడతాను. చెయ్యి మానేదాకా గీతలు మాత్రమే గీద్దాం.

అల్లుడుగారికి మా ఆశీస్సులు. బుజ్జిగాడికి ముద్దులు. వాణ్ణి ఆ గదిలోకి రానివ్వకు.

ఉంటాను,
మీ నాన్న

తా.క. ఎన్ని కుట్లు పడ్డాయి? టీటీ ఇంజెక్షను వేయించుకున్నావా? వేళ్లన్నీ ముడుస్తుంటే ముడుచుకుంటున్నాయా, చిటికెన వేలు కూడా? ఈ మూడింటికి ఈ రోజే జవాబు కావాలి. మిగతా సంగతులు నేను వచ్చాక మాట్లాడుకుందాం.