పరిష్కారం కాని ఫిర్యాదును ‘పరిష్కృతం’ అని మూసివేయడం గురించి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీ సంస్థ తయారు చేసిన మోటారు సైకిల్‌ను నేను ఏళ్ల తరబడి నడుపుతున్నాను. దాని మోడల్, ఛాసిస్ నంబరు, కొన్న తేదీ ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ మీ సిబ్బంది వాటిని అక్షరం అక్షరం చెప్పించుకున్నారు కనుక, మీ దగ్గర ఇంకేమి లేకపోయినా ఆ నంబరు మాత్రం దండిగా ఉండాలి.

బండి సమస్య చిన్నది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎక్సలేటర్ వదిలితే ఆగిపోతుంది. వేడెక్కాక వదిలితే రేసు, అంటే ఇంజను తిరిగే వేగం, వెంటనే దిగదు, కాసేపు పైనే నిలిచి తీరిగ్గా కిందికి వస్తుంది. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ఇంకాస్త పెరుగుతుంది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ ఉన్న బండికి వయసు మీద పడితే ఇలాంటివి వస్తాయని నాకు తెలుసు, అందుకు మిమ్మల్ని నిందించడం లేదు. ఈ సంగతి చెప్పుకోవడానికి మీ మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడు జరిగినదే ఈ లేఖ రాయించింది.

మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో మొదట నన్ను కలిసిన అడ్వయిజర్ బండి స్టార్ట్ చేయకుండానే, నేను చెబుతున్నది సగంలో ఉండగానే, జాబ్ కార్డు మీద ‘ఐడ్లింగ్ తక్కువ’ అని, అంటే ఎక్సలేటర్ వదిలినప్పుడు ఇంజను తిరిగే వేగం చాలడం లేదని, రాసేశారు. సాయంత్రం బండి చేతికి వచ్చేసరికి ఐడ్లింగ్ స్క్రూ బిగించి ఉంది. ఇంజను ఆగడం మానేసింది, దానికి బదులు బ్రేకు వేసి నిలబడినా ముందుకు దూకుతున్నట్టు రేసు అవడం మొదలుపెట్టింది. తిరిగి తీసుకెళితే వేరొక అడ్వయిజర్ ‘ఐడ్లింగ్ ఎక్కువ’ అని రాసి అదే స్క్రూను వదులు చేయించారు, బండి మళ్లీ మొదటి స్థితికి వచ్చింది. ఒకరు బిగించినందుకు, మరొకరు వదిలినందుకు రెండు బిల్లుల్లోనూ ‘కార్బొరేటర్ ట్యూనింగ్’ అన్న పద్దు ఉంది. మధ్యలో నన్ను అడగకుండానే ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు.

మీ సంస్థకు నేను చెప్పవలసిన పాఠం కాదు గానీ చెప్పక తప్పడం లేదు. ఎక్సలేటర్ వదిలినప్పుడు కార్బొరేటర్ పూర్తిగా మూసుకుపోకుండా కాస్త తెరిచి ఉంచడమే ఆ స్క్రూ చేసే పని. నిలవ పెట్రోలు జిగురు, ఐడ్లింగ్‌లో పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రంలో పేరుకుపోయినా, కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే ఇన్‌టేక్ రబ్బరు పగిలి లెక్కలో లేని గాలి లోపలికి పోతున్నా, స్క్రూ తిప్పితే లోపం కొంతసేపు కనపడకుండా పోతుందే తప్ప తొలగదు. ఆ రబ్బరు బాగుందో లేదో చూడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. వేడెక్కని ఇంజనును ఐడ్లింగ్‌లో ఉంచి, అతుకు చుట్టూ కార్బొరేటర్ క్లీనర్ కొద్దిగా చల్లితే, గాలి లాగుతున్న చోట ఇంజను శబ్దం వెంటనే మారిపోతుంది. మీ అడ్వయిజర్ కళ్ల ముందే నేను ఆ పరీక్ష చేసి చూపించాను. అడుగు వైపు చల్లగానే శబ్దం స్పష్టంగా మారింది, వేలితో ఒత్తితే రబ్బరు మీద వెంట్రుక మందాన పగులు నోరు తెరిచింది. ఆయన వంగి చూడలేదు. “ఇలా బయటి స్ప్రేలు కొడితే వారంటీ పోతుంది సార్” అన్నారు. ఎన్నో ఏళ్ల కిందటే ముగిసిన వారంటీ మీద ఇంత శ్రద్ధ ఉన్న ఉద్యోగి దొరకడం మీ అదృష్టం.

ఇన్‌టేక్ రబ్బరు ఇప్పించమంటే ‘ఆ మోడల్‌కు స్పేర్లు ఆపేశారు, కంపెనీకే ఫోన్ చేయండి’ అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే ‘భాగం అందుబాటులోనే ఉంది, సర్వీస్ సెంటర్‌లో ఆర్డర్ పెట్టుకోండి’ అన్నారు. ఆ మాటే వెళ్లి చెబితే, తమ కంప్యూటర్‌లో రావడం లేదు కాబట్టి ఫోన్లో చెప్పినవారినే అడగమన్నారు. ఎవరికి వారే యమునా తీరే అన్న తీరుగా నడుస్తున్న ఈ రెండు విభాగాలూ ఒకే సంస్థవని బోర్డు మీద ముద్ర చూసి నమ్మవలసి వస్తోంది.

మీ ఫోన్ సిబ్బంది మర్యాదకు లోటు లేదు. ఒకరు ట్యాంకులో పెట్రోలు ఉందేమో చూసుకోమన్నారు. ఇంకొకరు బండిని యాప్‌లో నమోదు చేసుకుంటే తప్ప ఫిర్యాదు ముందుకు కదలదన్నారు. ఆ యాప్ జాబితాలో నా మోడల్ పేరే లేదు. మరొకరు ఫ్యూయల్ ఇంజెక్షన్ సెన్సార్లను స్కాన్ చేయించమని సలహా ఇచ్చారు. నాది కార్బొరేటర్ బండి, దానికి ఆ సెన్సార్లే ఉండవని చెబితే కాసేపు సంగీతం వినిపించి, తిరిగి వచ్చి, అయినా ఒకసారి స్కాన్ చేయిస్తే మంచిదన్నారు. పై అధికారి 24 గంటల్లో ఫోన్ చేస్తారని ప్రతి ఒక్కరూ హామీ ఇచ్చారు. రాలేదు. వచ్చినదల్లా, నా ఫిర్యాదు పరిష్కారమైందనీ, సేవలకు పదికి ఎన్ని మార్కులు వేస్తారనీ అడుగుతూ ఒక సందేశం. ఎవరు పరిష్కరించారో, ఏది పరిష్కరించారో నాకు తెలియజేసి ఉంటే మార్కులు వేయడం సులువయ్యేది. అదే ఫిర్యాదు నంబరు మీద దాన్ని తిరిగి తెరవమని ఈ-మెయిల్ పంపితే ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అని క్షణంలో జవాబు వచ్చింది, ఆ తరువాత మౌనం.

మా నాన్నగారు కొన్న మొదటి బండి మీ సంస్థదే. మా తమ్ముడు వేరే కంపెనీ బండి వైపు మొగ్గినప్పుడు గంటసేపు వాదించి మీ షోరూముకు తీసుకువెళ్లినది నేనే. కొత్త బండి కొనేవారికి కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. పాత బండితో వచ్చినవాణ్ణి, ‘ఇంకా ఇదే నడుపుతున్నారా సార్, ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉంది’ అని పలకరిస్తారు. ఇన్నేళ్లు నడిచే బండిని తయారు చేయడం మీకు గొప్పగా తోచాలి, సిగ్గుపడవలసిన విషయంగా కాదు.

రేసు దిగకపోవడం చికాకు కలిగించే విషయం మాత్రమే కాదని కూడా గమనించండి. చాలా బళ్ల మాన్యువళ్లు ఎక్సలేటర్ గ్రిప్ దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల వదులు ఉండాలని చెబుతాయి. హ్యాండిల్ తిప్పితే రేసు పెరిగిందంటే ఎక్సలేటర్ కేబుల్ బిగుసుకుందనో, ఎక్కడో ఒత్తుకుంటోందనో అనుమానించాలి. మలుపులో బండి తనంతట తాను వేగం పుంజుకుంటే ఏమవుతుందో మీ ఇంజనీర్లకు తెలియనిది కాదు. ఇది జాబ్ కార్డులో రాయమని నేను పట్టుబట్టినా ఆ గడి ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ గడి నకలు నా దగ్గర భద్రంగా ఉంది.

ఆ రబ్బరు దొరుకుతుందో లేదో, దొరికితే ఎక్కడో, కేబుల్‌ను కళ్లతో చూసి పరీక్షించే మనిషి మీ సంస్థలో ఎవరైనా ఉన్నారో లేదో, బాధ్యత గల అధికారి సంతకంతో రాతపూర్వకంగా తెలియజేయండి. చేయని పనికి వేసిన ‘ట్యూనింగ్’ బిల్లుల సంగతి కూడా అందులోనే తేల్చండి. రెండు వారాల్లో అటువంటి జవాబు రాకపోతే జాబ్ కార్డులు, బిల్లులు, మీరు మూసివేసిన ఫిర్యాదు సందేశాలు అన్నీ జతచేసి వినియోగదారుల న్యాయస్థానంలో దావా వేస్తాను. ఈలోగా మీ ప్రతినిధుల చేత ఫోన్ చేయించవద్దు. ఛాసిస్ నంబరు ఇంకొకసారి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు

జతపరచినవి: జాబ్ కార్డులు, బిల్లులు, ఈ-మెయిళ్ల నకళ్లు, పగిలిన రబ్బరు ఫొటో.