మా పాప వేళ్లను చూసిన డాక్టరు గారికి

మా పాపకు ఏడేళ్లు. కిందటి ఏడాది వేసవిలో బుగ్గలు ఎర్రబడి, కనురెప్పలు వంకాయ రంగుకు తిరిగాయి. ఎండ పడలేదన్నారు, పూత మందు ఇచ్చారు. తరువాత రక్తపరీక్షలో, కాలేయం కోసం చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ రావడంతో కాలేయానికి మందులు వాడాం. పచ్చకామెర్లేమోనని పసరు కూడా పోయించాం. ఈలోగా పిల్ల మెట్ల దగ్గర ఎత్తుకోమని ఏడవడం మొదలుపెట్టింది. గారాబమనుకుని కసిరాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం విలవిల్లాడుతుంది.

మా ఊళ్లోని ఈ డాక్టరు గారు చర్మవైద్యులు. ఆయన మాత్రం ముఖం చూసి ఊరుకోలేదు, చేతులు చూపించమన్నారు. వేళ్ల కణుపుల మీద ఎర్రని బొడిపెలు. పులిపిర్లనుకుని నేను పట్టించుకోనివే! గోళ్ల మొదళ్లను భూతద్దం లాంటి పరికరంతో చాలాసేపు చూశారు. ఆ తరువాత, "కింద కూర్చుని లే తల్లీ" అన్నారు. పిల్ల బోర్లా తిరిగి, నేల మీద చేతులు ఆనించి, తొడలను పట్టుకుంటూ లేచింది. చర్మం కోసం వెళితే ఆయన కండరాలను పరీక్షించారని నాకు అప్పుడు అర్థం కాలేదు.

జువెనైల్ డెర్మటోమయోసైటిస్. ఏటా పది లక్షల మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి వచ్చే జబ్బట. చర్మంలోనూ కండరాల్లోనూ వాపు ఉంటుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కండరాల నుంచి కూడా పెరుగుతాయని ఆయనే చెప్పారు. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్తపరీక్ష, అప్పటిదాకా ఎవరూ రాయనిది, రాశారు. ఆలస్యమైతే చర్మం కింద కాల్షియం గడ్డలు కట్టవచ్చని, మింగడం కూడా కష్టం కావచ్చని చెప్పి, మా ముందే హైదరాబాదులో పిల్లల కీళ్లు, కండరాల వాపు జబ్బులు చూసే రుమటాలజిస్టుకు ఫోను చేశారు. రెండో రోజుకే మేము అక్కడ ఉన్నాం. తొడల ఎంఆర్‌ఐలో వాపు స్పష్టంగా కనిపించింది.

మూడు రోజులు నరానికి స్టెరాయిడ్ ఎక్కించారు. సూది అంటే వణికే పిల్లకు కథ చెబుతూ ఒక్క ప్రయత్నంలోనే నరం దొరకబుచ్చుకున్న నర్సమ్మకు, తరగతిని కింది అంతస్తుకు మార్పించి ఎండ తగలని చోట పాపను కూర్చోబెట్టిన టీచరు గారికి నమస్కారాలు. వారానికోసారి, వాపును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ మందు ఇంకా నడుస్తోంది. స్టెరాయిడ్ బాగా తగ్గించారు.

డాక్టరు గారూ, మొన్న సంక్రాంతికి ఎండ రాకముందే వాకిట్లో గొంతుక్కూర్చుని చుక్కల ముగ్గు వేసింది. ఆ ఫొటో మీకు పంపాను. అందులో కనిపించనిది ఒకటుంది: ముగ్గు అయ్యాక చేతులు ఆనించకుండానే లేచింది.