బేలులో చెయ్యి పెట్టని యాంకర్లు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు పండిస్తాను, నాలుగు డబ్బులు మిగిలిన ఏడు షేర్లు కొంటాను. వేలం కేంద్రంలో బయ్యర్లు పై ఆకు చూసి పోరు. బేలు (పొగాకు కట్ట) మధ్యలోకి చెయ్యి దూర్చి గుప్పెడు ఆకు లాగి, రంగు చూసి, నలిపి వాసన పీలుస్తారు. చెమ్మ తగిలిందా, రైతు ఎదురుగా ఉన్నా సరే, నోబిడ్, అంటే ఆ బేలుకు పాటే లేదు.

ఈ మధ్య ఓ బిజినెస్ ఛానల్లో ఒక కంపెనీ ఎండీని కూర్చోబెట్టారు. (పేరు వద్దులెండి, ఆ షేర్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.) కంపెనీ లాభం నిరుడు ఇదే మూడు నెలలతో పోలిస్తే సగానికి పడింది. యాంకర్ మొదటి మాట, ‘కంగ్రాట్స్ సార్’. లాభం తగ్గడం ‘వన్ టైమ్’ వ్యవహారమని ఎండీ ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇవతలాయన తలూపాడు. ఆరు నిమిషాల్లో పద్దెనిమిది సార్లు ‘సార్’ వినపడింది, లెక్కపెట్టాను. కొత్త అల్లుడికి కూడా మా వైపు ఇంత మర్యాద జరగదు. జీతమెంతని అతన్నయినా ఎవరో ఒకరు అడుగుతారు. అదే టీవీ చర్చకు ఎమ్మెల్యే వస్తే నోరు తెరవనివ్వరు!

ఆ కంపెనీలో ప్రమోటర్లయిన (అసలు యజమానులైన) ఎండీ వాళ్ళ షేర్లలో పెద్ద భాగం అప్పటికే అప్పుల కింద తాకట్టులో ఉంది. రహస్యమేమీ కాదు. మూడు నెలలకోసారి స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చే పట్టికలోనే ఉంటుంది. మా అబ్బాయి ఫోన్లో రెండు నిమిషాల్లో తీసి చూపించాడు. ఈ తాకట్టు లెక్క బయటపెట్టి తీరాలని షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ రూలు పెట్టింది 2009 జనవరిలో, సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కల బాగోతం బయటపడ్డాకే. ఆ నెల 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసేదాకా, బ్యాంకుల్లో లేని 5,040 కోట్లు పుస్తకాల్లో నిక్షేపంగా ఉన్నాయి. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

గట్టిగా అడిగితే వచ్చే క్వార్టర్‌కు ఆయన పక్క ఛానల్లో తేలతాడు, ప్రకటనలూ అటే పోతాయి. ఆ ఇబ్బంది నాకు తెలుసు. కేకలు వెయ్యక్కర్లేదు. జవాబు వచ్చాక ‘అదెలా సార్?’ అని ఇంకొక్కసారి అడిగితే చాలు. పెద్ద మ్యూచువల్ ఫండ్ల వాళ్ళు ఫలితాల తర్వాత కంపెనీ పెట్టే కాన్ఫరెన్స్ కాల్‌లో ఇంతకంటే సూటిగానే అడుగుతారు. ఆ రికార్డింగులు వెబ్‌సైట్లో దొరుకుతాయి గానీ, గంటసేపు ఆ ఇంగ్లీషు వినే ఓపిక మాబోటి వాళ్ళకెక్కడిది? టీవీయే దిక్కు.

మీకూ ఒక చిన్న మనవి. కంపెనీల ఫలితాలు వేసేటప్పుడు ఆదాయం, లాభం పక్కన ప్రమోటర్ల తాకట్టు శాతం కూడా ఒక గడిలో వెయ్యండి. ఎండీ గారి ఫొటో కాస్త చిన్నదైనా ఫర్వాలేదు.

— ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా