చిత్తుకీ సాపుకీ మధ్య

సంపాదకులకు నమస్కారం.

రచయితల కష్టసుఖాల మీద పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా మాట రెండు చోట్లే తిరుగుతుంది. తెల్లకాగితం ముందు కలం కదలకపోవడం ఒకటి, అచ్చులో పేరు చూసుకున్న ముచ్చట మరొకటి. రెండూ ఉన్నవే. కానీ రాసేవాళ్ల కాలం ఎక్కువగా ఖర్చయ్యేది చిత్తుప్రతికీ సాపుప్రతికీ మధ్య. కష్టమైనా సుఖమైనా గట్టిగా తగిలేది అక్కడే. ఆ భాగం గురించి ఎవరూ మాట్లాడరు కనుక ఈ ఉత్తరం.

చిత్తు రాయడం చాలావరకు లెక్క. రోజుకి 300 మాటలు, వారానికి ఐదు రోజులు అనుకుంటే 60,000 మాటల నవలకి 200 పనిరోజులు, అంటే 40 వారాలు. ఈ లెక్క తప్పేది బద్ధకం వల్ల కన్నా దిద్దుబాటు వల్లే. నిన్న రాసింది ఇవాళ సవరిస్తూ కూర్చుంటే మొదటి అధ్యాయం అద్దంలా మెరుస్తుంది, ఆరో అధ్యాయం పుట్టదు. ఇంకో నష్టం తర్వాత బయటపడుతుంది. కథ ముగిశాక ఆ మొదటి అధ్యాయం అక్కర్లేదని తెలిసినా, అంత నగిషీ చెక్కినదాన్ని తీసేయడానికి చేయి రాదు. అందుకే చిత్తులో వెనక్కి చూడకూడదు. తెలియని ఊరి దూరమో యంత్రం పేరో అడ్డొస్తే అక్కడ @@ అని పెట్టి ముందుకు పోవాలి. తర్వాత ఆ గుర్తును వెతికితే ఖాళీలన్నీ ఒక్కసారే దొరుకుతాయి. ఏ రోజుకారోజు సన్నివేశం మధ్యలో, తర్వాతి వాక్యం తెలిసి ఉండగానే ఆపితే మర్నాడు మొదలుపెట్టడం తేలిక.

చిత్తు పూర్తయ్యాక దాన్ని పక్కన పెట్టాలి. కథకి కనీసం రెండు వారాలు, నవలకి రెండు నెలలు. వెంటనే చదివితే కంటికి కనబడేది కాగితం మీదున్నది కాదు, మనసులో అనుకున్నది. అంత గడువు లేకపోతే ఫాంటు, అక్షరం సైజు మార్చి ప్రింటు తీసుకోండి. వాక్యాలు వేరేచోట విరుగుతాయి, కన్ను కొత్తగా చూస్తుంది.

ఆ తర్వాత పైకి చదవాలి. తెలుగులో ఇది మరీ అవసరం, ఎందుకంటే మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ‘వచ్చాడు. కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. నిట్టూర్చాడు.’ కంటికి ఇందులో తప్పు లేదు, చెవికి మాత్రం సుత్తిదెబ్బలు. విరుగుడుగా ‘వచ్చి, కూర్చుని, చూసి’ అంటూ గొలుసు కడితే అదింకో రోగం. నాలుగింటిలో ఒక క్రియను నామవాచకం చేయడం, ఒకదాన్ని మాట్లాడే తీరులో వాక్యం ముందుకు జరపడం, ఒకదాన్ని అసలు తీసేయడం, ఇలా కలిపి వాడితే నడక వస్తుంది. అదే ఊపులో ‘యొక్క’, ‘చేయబడింది’, ప్రతి నామవాచకం ముందూ ‘ఒక’ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. పదిలో తొమ్మిది తీసేసినా అర్థం చెక్కుచెదరదు.

ఒకే చదువులో అన్నీ దిద్దాలనుకోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. ఒక విడతలో ఒక్క పని. ముందు కట్టడం చూడాలి. ప్రతి సన్నివేశానికీ ఒక్కో వరుస రాసుకోండి: ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. మార్పు ఏమీ లేకపోతే ఆ సన్నివేశం పోవాలి, లేదా పక్కదానిలో కలవాలి. కథ తరచుగా అవసరం కన్నా ముందే మొదలవుతుంది. మొదటి పేజీ తీసేసి రెండో పేజీ నుంచి చదివి చూడండి, చాలాసార్లు ఏమీ లోటనిపించదు. రెండో విడతలో కాలం. రోజు, వేళ, పాత్రల వయసు ఒక పట్టికలో వేస్తే మూడో అధ్యాయంలో మండుటెండ, ‘రెండు రోజుల తర్వాత’ అయిదో అధ్యాయంలో వణికించే చలి లాంటివి బయటపడతాయి. పేర్లు కూడా అప్పుడే చూసుకోవాలి. ఒకే ఇంట్లో రాజేశ్వరి, రాజ్యలక్ష్మి, రాజమణి ఉంటే పాఠకుడు తికమకపడతాడు, తప్పు అతనిది కాదు. సంభాషణల విడతలో పేర్లు చేత్తో మూసి చదవండి. ఎవరి మాటో తెలియకపోతే అందరూ రచయిత గొంతుతోనే మాట్లాడుతున్నారన్నమాట. అక్షరదోషాలు ఆఖరున. రేపు కొట్టేయబోయే పేరాకి ఇవాళ ఒత్తులు సరిచేయడం దండగ.

పేరు మార్చాలనిపిస్తే కంప్యూటర్‌ని గుడ్డిగా నమ్మకండి. కథానాయిక రమని సుధ చేద్దామని మొత్తం ఒకేసారి మారిస్తే ‘పరమ’ కాస్తా ‘పసుధ’ అవుతుంది, ‘విరమణ’ ‘విసుధణ’ అవుతుంది. ఒక్కొక్కటీ చూసి మార్చడమే దారి. అక్షరదోషాల తనిఖీ సాధనాలదీ ఇదే వరస. ‘అర్థం’ రాయాల్సిన చోట ‘అర్ధం’ ఉంటే అవి చాలాసార్లు పట్టుకోలేవు, రెండూ ఉన్న మాటలే కదా.

ఫైలుకి ‘ఫైనల్’ అని పేరు పెట్టడం అపశకునం. దాని వెనకాలే ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ వస్తాయి. తేదీతో పేరు పెట్టి, రెండు వేర్వేరు చోట్ల దాచండి. కొట్టేసిన భాగాలకి ‘కోతలు’ అని విడిగా ఒక ఫైలు ఉంటే మంచిది. అందులోంచి తిరిగి తెచ్చుకునేది చాలా తక్కువ. పోలేదన్న ధైర్యంతో కోయడానికి మాత్రం చేయి వస్తుంది.

ఇక ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దడానికి తీసే ప్రతి. తప్పులు చిన్న అక్షరాల్లో దాక్కుంటాయనుకుంటాం గానీ, అధ్యాయాల శీర్షికల్లోనూ వెనక అట్ట మీదా ఎక్కువగా తప్పించుకుంటాయి. పెద్ద అక్షరాన్ని కన్ను చదవదు, బొమ్మలా చూసి వదిలేస్తుంది. ఒక తప్పు దిద్దాక ఆ మాట ఒక్కటీ చూసి ఊరుకోకూడదు, పేరా మొత్తం మళ్లీ చదవాలి. దిద్దుబాటే కొత్త తప్పును తెస్తుంది. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే అక్షరాల్లో ఉన్న ప్రతిని పేజీలు కట్టే డీటీపీ ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు, కొటేషన్ గుర్తులు, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు ప్రత్యేకంగా చూసుకోవాలి.

పుస్తకం 16 పేజీల ఫారాల్లో, అంటే ఒకే పెద్ద కాగితం మీద వేసి మడిచే కట్టల్లో, అచ్చవుతుంటే 192 పేజీలకి సరిగ్గా 12 ఫారాలు. మన సాపుప్రతి 196 పేజీలు వస్తే నాలుగు పేజీలు తగ్గించమని కబురొస్తుంది. రచయితకి ఇది గుండెకోతలా ఉంటుంది. నిజానికి పేరా చివర ఒకటి రెండు మాటలతో మిగిలిపోయిన వరుసల్ని పట్టుకుని, పేరాకో మాట తగ్గిస్తూ పోతే ఆ నాలుగు పేజీల్లో చాలా భాగం కథని ముట్టుకోకుండానే దిగిపోతుంది. పైగా మిగిలినది బిగువెక్కుతుంది. రాతపనిలో ఇంత శుద్ధమైన ఆనందం ఇంకోటి తక్కువ. బయటివాళ్లకి చెబితే మాత్రం నవ్వుతారు.

పత్రిక తిప్పి పంపినప్పుడు కారణం చెప్పకపోవడం మామూలే, దాన్ని తవ్వుకుని లాభం లేదు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు పాఠకులు ఒకేచోట తడబడితే మాత్రం వినాలి. ఆ చోట లోపం ఉన్నట్టే. ఎలా సరిచేయాలో వాళ్లు చెప్పే సలహా తరచుగా పనికిరాదు, అసలు తప్పు రెండు పేజీల ముందు ఉంటుంది.

హక్కుల గురించి రెండు ముక్కలు. కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రచనకి కాపీరైటు రాయడంతోనే వస్తుంది, నమోదు షరతు కాదు. అది రచయిత జీవితకాలం, ఆ పైన కనీసం 50 ఏళ్లు ఉంటుంది. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా దేనికది వేరే హక్కు. ‘సర్వహక్కులు’ అన్న ఒక్క మాట కింద సంతకం పెడితే అన్నీ కలిసి పోతాయి. ఒప్పందంలో గడువు, అమ్మకాల లెక్క ఎప్పుడెప్పుడు చూపిస్తారు, పుస్తకం మార్కెట్లో లేకపోతే హక్కు ఎప్పుడు తిరిగొస్తుంది, ఈ మూడూ రాతపూర్వకంగా ఉండాలి.

ఎన్నిసార్లు తిరగరాయాలని అడుగుతుంటారు. సంఖ్య లేదు. నిన్న మార్చిన మాట ఇవాళ మళ్లీ పాత మాటకే తిరిగొస్తుంటే ప్రతి పంపేయొచ్చు.

మీకో మనవి. ఇకమీద రచయితల ముఖాముఖి వేసినప్పుడు ఫొటో కాస్త చిన్నది చేసి, వాళ్ల చిత్తు పేజీ ఒకటి, అదే పేజీ సాపుగా ఒకటి పక్కపక్కన అచ్చువేయండి. కొట్టివేతలతో సహా.

ఇట్లు,
మీ పాఠకుడైన ఒక ప్రూఫ్‌రీడర్