మా తాతయ్యకు గాయం కాలేదట: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సైనిక సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి, పెన్షన్ లేకుండా ఇంటికొచ్చిన వాళ్ల భార్యలకిచ్చే నెలసరి సాయం గురించి మీకు నేను చెప్పాలా? మా నాన్నమ్మకు అది ఆగిపోయి 22 నెలలైంది. ఆవిడకు 94 ఏళ్లు. మీ శాఖ ఆఫీసులో తాతయ్య డిశ్చార్జి బుక్కు, అంటే సైన్యం నుంచి పంపేటప్పుడు ఇచ్చిన సర్వీసు పుస్తకం, ఒరిజినల్ తెమ్మంటున్నారు. దాన్ని ట్రంకుపెట్టెలో చెదలు తినేశాయి. అట్ట, సగం పేజీ మిగిలాయి, నంబరులో చివరి రెండంకెలు లేవు. జిరాక్స్ ఉంది, చూడరు. మొదట్లో ఆ పుస్తకం చూసే కదా సాయం మంజూరు చేశారు, ఆ ఫైలు ఏదీ అని అడిగితే "ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయిందండీ" అన్నారు. వాళ్ల దగ్గర పోతే ఫైలు పోయినట్టు, మా దగ్గర పోతే తాతయ్య యుద్ధానికే వెళ్లనట్టు!

పోయినసారి అక్కడి ఉద్యోగి ఇంకో మాట కూడా అన్నాడు. "ఆయనకు గాయం కూడా ఏం కాలేదు కదండీ."

నిజమే, తూటా తగల్లేదు. సైన్యంలో రోడ్లు, వంతెనలు కట్టే దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరి బర్మా అడవుల్లో పనిచేశాడు. 1943లో ఆ బర్మా సరిహద్దులో గాయాలతో వెనక్కి పంపిన ఒక్కొక్కరికి జబ్బులతో పంపినవాళ్లు 120 మంది అని అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ చెప్పిన లెక్క. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు మింగి మింగి ఒళ్లంతా పచ్చబడి, పెళ్లికొడుకుని చేసినట్టుండేదని తాతయ్య నవ్వేవాడు. యుద్ధం గురించి ఆయన చెప్పింది అంతే.

దీపావళి సాయంత్రమైతే పొలంలో మోటారు గదిలోకెళ్లి గడియ పెట్టుకునేవాడు. నాన్నమ్మ క్యారేజీలో అన్నం పట్టుకెళ్లి, టపాకాయల మోత ఆగేదాకా గట్టు మీద కూర్చునేది. పెళ్లైన కొత్తలో ఒక రాత్రి నిద్రలోనే ఆవిడ తల నేలకు నొక్కిపట్టి "లేవకు, లేవకు" అన్నాడట. దయ్యం పట్టిందని ఊళ్లో తాయెత్తు కట్టించారు. యుద్ధం మనసుకు చేసే ఇలాంటి గాయానికి 'షెల్ షాక్' అనే పేరు 1915లోనే ఇంగ్లండు వైద్య పత్రికలో అచ్చయింది. 1946లో ఇంటికొచ్చిన మా తాతయ్యకు మాత్రం తాయెత్తే వైద్యం. చెదలు తినకపోయినా ఆ పుస్తకంలో ఇదంతా ఉండేది కాదు సార్.

దయచేసి జిరాక్స్ ఒప్పుకోమని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ మాటైనా కాగితం మీద రాసిమ్మనండి. బతికున్నట్టు సంతకానికి మంచం దిగలేని మనిషిని ఆటోలో తెమ్మంటున్నారు, ఎవరినైనా ఇంటికి పంపండి. పొద్దున పదిలోపు వస్తే మంచిది, తర్వాత ఆవిడ పడుకుంటుంది.

ఇట్లు,
ఒక సాపర్ మనవడు,
పశ్చిమ గోదావరి జిల్లా